పురెక్కని లైను, తప్పిపోని దెబ్బ: టాప్‌వాటర్ లూర్‌లతో బాస్ చేపల వేట

టాప్‌వాటర్ లూర్‌లతో, అంటే నీటి మీద తేలే నకిలీ ఎరలతో, బాస్ చేపలు పట్టేవాళ్లకు ఎక్కువగా ఎదురయ్యే బాధలు రెండు. లైనుకు పురెక్కి రీలు దగ్గర గూడు కట్టడం ఒకటి. చేప నీళ్లు చిమ్ముతూ కొట్టినా హుక్కుకు తగలకుండా పోవడం రెండోది. వీటిని రెండు వేర్వేరు జబ్బులుగా చూసి, మొదటిదానికి ఒక స్వివెల్ (లైనుకు పురెక్కకుండా తిరిగే చిన్న కీలు), రెండోదానికి ఇంకో లూర్ కొనుక్కుంటారు. నిజానికి రెండింటికీ మూలం చాలావరకు ఒక్కటే. లైనులో వదులు ఉండాల్సిన చోట ఉండదు, ఉండకూడని చోట ఉంటుంది.

రీలు మీద వదులు అసలు వద్దు. రాడ్డు కొసకు అవతల, నీటి మీద, కాస్త వదులు తప్పకుండా కావాలి. చేప దెబ్బ పడ్డాక, హుక్కు గుచ్చేలోపు ఆ కాస్త వదులూ పోవాలి. పనంతా ఈ మూడు ముక్కల్లో ఉంది. ముడులు, లైన్లు, హుక్కులు వీటికి సాయం చేసేవే.

నీటి మీద వదులు ఎందుకు

లార్జ్‌మౌత్ బాస్ ఎరను కరిచి పట్టుకోదు, పీల్చుకుంటుంది. నోరు ఒక్కసారిగా బార్లా తెరిచి, మొప్పల మూతలు వెడల్పు చేస్తుంది. ఆ ఖాళీలోకి నీళ్లు దూసుకొస్తాయి, వాటితోపాటే ఎరా లోపలికి పోతుంది. లైను వీణ తీగలా బిగిసి ఉంటే నీళ్లు పోతాయి గానీ లూర్ బయటే ఆగిపోతుంది. పైగా తేలే లూర్ సగం గాలిలో ఉంటుంది. చేప నీళ్లతోపాటు గాలినీ మింగుతుంది కాబట్టి ఆ లాగుడు నీటి లోపల ఉన్నంత బలంగా ఉండదు. అందుకే నీటి అడుగున నడిచే లూర్‌కంటే పైన తేలే లూర్‌కు లైను వదులు ఎక్కువ అవసరం.

పాపర్‌నైనా (గిన్నెలాంటి నోటితో చప్పుడు చేసే లూర్) వాకింగ్ బెయిట్‌నైనా (కుడికీ ఎడమకూ నడిచే లూర్) ఆపిన ప్రతిసారీ రాడ్డు కొసకూ లూర్ ముక్కుకూ మధ్య లైను నీటి మీద కొద్దిగా వంకరగా పడుకొని ఉండాలి. జానెడు నుంచి మూరెడు దాకా చాలు. బారెడు వదిలితే చేప కొట్టాక ఆ బారెడూ చుట్టుకునేలోపు లూర్‌ను ఉమ్మేస్తుంది.

వాకింగ్ బెయిట్ నడక కూడా ఈ వదులు మీదే ఆధారపడుతుంది. హెడన్ జారా స్పూక్ లాంటి సిగార్ ఆకారపు లూర్ కుడికీ ఎడమకూ తల తిప్పాలంటే రాడ్డు కొసను కిందికి చిన్నగా కొట్టి, వెంటనే ముందుకు ఇచ్చేయాలి. కొట్టినప్పుడు వదులు ఒక్కసారి బిగిసి లూర్ ముక్కు పక్కకు తిరుగుతుంది. ఇచ్చేసినప్పుడు అది ఆ దిక్కుకే జారుతుంది. కొసను ముందుకు ఇవ్వకుండా లాగుతూ పోతే లూర్ ముక్కుసూటిగా ఈడ్చుకొస్తుంది. మొదటిసారి పట్టుకున్నవాళ్లు దీన్ని చేతి బలంతో చేయబోతారు. మణికట్టు కదిలితే చాలు.

చిక్కు ఇక్కడే మొదలవుతుంది. నీటి మీద కావాలని వదిలిన ఈ లైనునే మళ్లీ రీలు మీదికి చుట్టుకోవాలి. దాన్ని వదులుగానే చుట్టేస్తే రీలులో లైను చుట్టుకునే స్పూలు మీద వదులు చుట్లు పడతాయి. తర్వాతి విసురులో పై చుట్టు కింది చుట్టును పట్టుకుని లేచి, నాలుగైదు చుట్లు ఒకేసారి గైడ్‌లోకి (రాడ్డు మీది రింగులోకి) దూరతాయి. గాలి ముడి అని పిలిచేది చాలాసార్లు ఇదే. గాలికి దాంతో పెద్ద సంబంధం లేదు.

రీలు వల్ల ఎక్కే పురి

స్పిన్నింగ్ రీలులో స్పూలు తిరగదు, దాని చుట్టూ రోటర్ తిరుగుతూ లైనును చుడుతుంది. ఒక్కో చుట్టుకు ఒక్కో పురి పడుతుంది. విసిరినప్పుడు లైను స్పూలు అంచు మీదుగా జారిపోతూ ఆ పురి విడిపోతుంది. లెక్క సరిపోయినంత కాలం ఇబ్బంది లేదు. లెక్క తప్పించేవి కొన్ని ఉన్నాయి.

అన్నిటికంటే పెద్దది, డ్రాగ్ (చేప గట్టిగా లాగితే లైను వదిలే బ్రేకు) జారుతుండగా హ్యాండిల్ తిప్పడం. చేప లాక్కుపోతోంది, స్పూలు కిర్రుమంటూ తిరుగుతోంది, మీరు కంగారుగా చుడుతున్నారు. లైను లోపలికి రావడం లేదు, రోటర్ మాత్రం తిరుగుతూనే ఉంది. రీలు గేరు నిష్పత్తి 6.2:1 అయితే హ్యాండిల్ ఒక్కసారి తిప్పితే ఆరుకు పైగా పుర్లు ఎక్కుతాయి. పదిసార్లు తిప్పితే 62. ఒక్క పెద్ద చేపతో ఆ రోజు లైను పాడైపోవడానికి ఇంతకు మించి కారణం అక్కర్లేదు. డ్రాగ్ చప్పుడు వినిపించగానే హ్యాండిల్ మీద చెయ్యి ఆగాలి. చేప ఆగాక రాడ్డు మెల్లగా పైకెత్తి, దించుతూ చుట్టాలి.

రెండోది బెయిల్, అంటే లైనును స్పూలు మీదికి మళ్లించే తీగ వంపు. విసిరాక హ్యాండిల్ తిప్పి బెయిల్ మూస్తే స్పూలు మీద ఒక వదులు చుట్టు పడటం దాదాపు ఖాయం. చేత్తో మూయండి. మూశాక లైనును చూపుడువేలితో ఒకసారి లాగి, బెయిల్ చివరి లైన్ రోలర్ (చిన్న చక్రం) మీద కూర్చున్నట్టు తెలిశాకే మొదటి తిప్పు తిప్పండి. ఆ రోలర్ తిరుగుతోందో లేదో కూడా చూసుకోవాలి. ఉప్పో ఇసుకో పట్టి బిగుసుకుపోతే లైను దాని మీద తిరగకుండా రాసుకుంటూ పోయి, పురెక్కడమే కాక అరుగుతుంది కూడా. ఒక చుక్క నూనె చాలు.

మూడోది, కొత్త లైను ఎక్కించడం. కొత్త కండెను నేల మీద లేబుల్ పైకి ఉండేలా పరవండి. లైనును తడి గుడ్డతో వేళ్ల మధ్య నొక్కి పట్టి, హ్యాండిల్‌ను 10 నుంచి 15 సార్లు తిప్పండి. ఆగి, రాడ్డు కొసను కండె వైపు దించి, మీటరు లైను వదులు చేయండి. అది నేల మీద మామూలుగా పడుకుంటే అలాగే కొనసాగించండి. ముడుచుకుపోయి తనకు తానే చుట్టుకుంటే కండెను తిరగేసి లేబుల్ కిందికి పెట్టండి. స్పూలు అంచుకు 3 మిల్లీమీటర్ల లోపల ఆపండి. అంతకు మించి నింపితే చుట్లు వాటంతట అవే జారిపడతాయి. అల్లిక లైను అయితే ముందు నాలుగైదు మీటర్ల మోనో (టంగూసు దారం) చుట్టి దాని మీద ఎక్కించాలి. లేకపోతే అల్లిక మొత్తం స్పూలు మీదే గుండ్రంగా జారుతుంది. అది చూడటానికి డ్రాగ్ జారినట్టే ఉంటుంది, ఎంత బిగించినా బిగుసుకోదు.

బెయిట్‌కాస్టర్ అనే రెండో రకం రీలులో స్పూలే తిరుగుతుంది కాబట్టి రీలు వల్ల పురి రాదు. కండెలోకి పెన్సిల్ దూర్చి, రీలు స్పూలు తిరిగే దిక్కునే కండె కూడా తిరిగేలా ఎక్కిస్తే చాలు. అందుకే 10 గ్రాములు దాటిన టాప్‌వాటర్ లూర్‌లకు బెయిట్‌కాస్టరే మంచిదని మా అభిప్రాయం. చిన్న పాపర్లకు, గాలికి ఎదురు విసరాల్సిన చోట్లకు స్పిన్నింగ్ ఉంచుకోండి.

లూర్ వల్ల ఎక్కే పురి

లూర్ తానే గుండ్రంగా తిరుగుతుంటే రీలు ఎంత మంచిదైనా లాభం లేదు. తెలుసుకోవడానికి చిన్న పరీక్ష ఉంది. పదిసార్లు విసిరాక లూర్‌ను నీటిలోంచి ఎత్తి, రాడ్డు కొస కింద మీటరు దూరంలో వేలాడనివ్వండి. ఒకటి రెండుసార్లు తిరిగి ఆగితే భయం లేదు. బొంగరంలా గిర్రున తిరిగి, ఆగి, మళ్లీ వెనక్కి తిరిగితే లైను నిండా పురి ఉన్నట్టే. ఆ లూర్‌ను ఒడ్డు పక్కనే తేట నీళ్లలో రెండు మీటర్లు లాగి, కడుపు ఎటు తిరుగుతోందో కళ్లతో చూడండి.

ఎక్కువ పురి తెచ్చేవి రబ్బరు కప్పలు, అంటే కాళ్లు కొట్టుకుంటూ ఈదే మెత్తని టోడ్‌లు. హుక్కు గుచ్చినప్పుడు నడుము మధ్య గీతకు కొంచెం పక్కకు పోయినా మొత్తం ఒళ్లు పక్కకు దొర్లుతుంది. ముక్కులో 5 మిల్లీమీటర్లు గుచ్చి బయటికి తీసి, హుక్కు తిప్పి, ఒంటి పక్కన ఆనించి చూసుకుని, వంపు ఎక్కడ పడుతుందో గోటితో గుర్తు పెట్టుకుని అక్కడే గుచ్చండి. గుచ్చాక ఒళ్లు నిటారుగా ఉండాలి. ఉబ్బినా, ముడతపడినా తీసి మళ్లీ గుచ్చాల్సిందే. పాత రంధ్రం పెద్దదైపోయి ముక్కు కిందికి జారిన టోడ్‌ను ఇంకా వాడటం పురిని పిలిచి తెచ్చుకోవడమే.

ప్రొపెల్లర్ ఉన్న లూర్‌లలో తిరగాల్సింది రెక్క, ఒళ్లు కాదు. రెక్కకూ ఒంటికీ మధ్య సన్నని నాచు పోగు చుట్టుకుంటే రెక్క ఆగి, ఒళ్లు తిరగడం మొదలుపెడుతుంది. నోటితో ఊదితే రెక్క సులువుగా తిరగాలి. తోక మొత్తం తిరిగే వాపర్ ప్లాపర్ రకం లూర్‌లకూ ఇదే సూత్రం. ప్రతి కొన్ని విసుర్లకూ తోక వెనక సందులో నాచు ఉందేమో చూసి తీసేయండి. తోక తిరిగే బలం ఒంటిని ఎదురు దిక్కుకు తిప్పాలని చూస్తుంది. దాన్ని ఆపేది కడుపులోని బరువు, కడుపు కింద వేలాడే హుక్కు. ఆ హుక్కు తీసి తేలికైనది పెడితే ఒళ్లు ఒరిగిపోతుంది. వేగం పెరిగేకొద్దీ ఈ ఒరుగుడు పెరుగుతుంది. లూర్ పక్కకు పడుకోవడం చూస్తే మొదట చేయాల్సింది వేగం తగ్గించడమే.

బజ్‌బెయిట్ అంటే తీగ మీద రెక్క తిరిగే లూర్. దాని రెక్క కూడా ఒళ్లును ఒక పక్కకు ఒరగదీస్తుంది. పైనుంచి చూస్తే రెక్క ఉన్న తీగ, హుక్కు ఒకే గీతలో ఉండాలి. చేప పట్టాక, మోడుకు తగిలాక ఆ తీగ వంగుతుంది. చేత్తో నెమ్మదిగా సరిచేయండి. ఒకే చోట మళ్లీ మళ్లీ వంచితే విరుగుతుంది. లోపల బోలుగా ఉండే కప్ప లూర్‌కు వెనకాల వేలాడే రబ్బరు కాళ్లలో ఒకటి పొడుగు, ఒకటి పొట్టి అయితే అది గాలిలోనూ నీటిలోనూ ఒక పక్కకు లాగుతుంది. రెండూ సమానంగా కత్తిరించుకోండి.

స్వివెల్ పెట్టాలా

తోక తిరిగేవాటికి, రబ్బరు టోడ్‌లకు పెట్టొచ్చు. వాకింగ్ బెయిట్‌కు, చిన్న పాపర్‌కు వద్దు. స్వివెల్ లోహం, అది ముక్కును కిందికి దించుతుంది. పాపర్ గిన్నెలాంటి నోరు నీటి గీత దగ్గర ఉంటేనే బుడుంగుమనే చప్పుడు వస్తుంది. ముక్కు మునిగితే ఆ చప్పుడు చచ్చిపోతుంది. స్నాప్ స్వివెల్ (కొక్కెం ఉన్న స్వివెల్) నేరుగా ముక్కుకు తగిలిస్తే ముందు హుక్కు దానికే చిక్కుకుంటుంది కూడా.

పెట్టదలిస్తే చిన్న సైజు బాల్ బేరింగ్ స్వివెల్‌ను లూర్‌కు 45 సెంటీమీటర్ల పైన, లైనుకూ లీడరుకూ (లూర్ ముందు కట్టే చిన్న లైను ముక్క) మధ్య కట్టండి. మామూలు బ్యారెల్ స్వివెల్ బరువు పడ్డప్పుడు సరిగా తిరగదు, పురి ఎక్కేది మాత్రం బరువు పడ్డప్పుడే. లీడరు ఇంకా పొడుగైతే స్వివెల్ గైడ్‌లోకి దూరి కొస రింగును పగలగొడుతుంది. డ్రాగ్ తప్పు వల్ల రీలు దగ్గర ఎక్కే పురికి స్వివెల్‌ను మందుగా అనుకోకండి. ఆ తప్పు చేతిది, చేతే మానాలి.

ఏ లైను, ఏ ముడి

ఫ్లోరోకార్బన్ లైను సాంద్రత నీటికి దాదాపు 1.78 రెట్లు. అంటే నీటిలో గబగబా మునుగుతుంది. లూర్ పైన తేలుతుంటే లైను దాని ముక్కును కిందికి లాగుతూ ఉంటుంది. పైగా లైను నీటి లోపల పొట్టలా వేలాడుతుంది కాబట్టి మీరు గుచ్చే బలం ముందు ఆ పొట్టను లాగడానికే సరిపోతుంది. టాప్‌వాటర్‌కు దాన్ని పక్కన పెట్టండి. మోనో నీటికంటే కొంచెమే బరువు కాబట్టి చాలాసేపు పైనే నిలుస్తుంది. పాలిథిలీన్ అల్లిక లైను నీటికంటే తేలిక, తేలుతుంది.

పాపర్లకు, ప్రొపెల్లర్ లూర్‌లకు 12 నుంచి 15 పౌండ్ల బలం ఉన్న మోనో ఒక్కటే చాలు. పెద్ద వాకింగ్ బెయిట్‌ను దూరం విసరాలంటే 30 నుంచి 40 పౌండ్ల అల్లిక బాగుంటుంది. దూరంలో మోనో సాగి గుచ్చే బలం తగ్గుతుంది, అల్లిక సాగదు. అయితే అల్లిక పత్తి దారంలా మెత్తన. వాకింగ్ బెయిట్ తల తిప్పినప్పుడు అది నీటి మీద ముందుకు తేలుతూ వచ్చి ముందు ట్రెబుల్ హుక్కుకు (మూడు మొనల హుక్కుకు) చుట్టుకుంటుంది. దానికి విరుగుడు 45 నుంచి 60 సెంటీమీటర్ల 20 పౌండ్ల మోనో లీడరు. మోనో బిరుసుగా ఉండి హుక్కులను దూరంగా పట్టి ఉంచుతుంది. ఎఫ్‌జీ ముడి గానీ డబుల్ యూనీ ముడి గానీ వేయండి. కప్ప లూర్‌కు లీడరు అక్కర్లేదు. 50 నుంచి 65 పౌండ్ల అల్లికను పాలోమార్ ముడితో నేరుగా కట్టేయాలి.

లూర్ ముక్కు దగ్గర స్ప్లిట్ రింగ్ (తాళాల గుత్తి రింగులాంటి చిన్న రింగు) ఉంటే బిగువు ముడి వేయొచ్చు. రింగ్ లేకపోతే జారని లూప్ ముడి వేయండి. లూర్ కంటికి (లైను కట్టే రంధ్రానికి) బిగుసుకున్న ముడి లూర్ తల తిరగనివ్వదు. ఒక పక్కకు జారిన ముడైతే లూర్ ఆ పక్కకే నడుస్తుంది. ముడి బిగించే ముందు తడపడం మరవద్దు.

విసిరే చోట చేయాల్సింది

లూర్ గాలిలో పల్టీలు కొట్టుకుంటూ పోతే నీళ్లలో పడేసరికి లైను హుక్కుల్లో చిక్కుకుని ఉంటుంది. అది తెలియక మీరు లాగడం మొదలుపెడితే లూర్ వెనక్కి తిరిగి, గిరగిరా తిరుగుతూ వస్తుంది. ఒక్క ఈడ్పులోనే డజన్ల కొద్దీ పుర్లు పడతాయి. విసిరే ముందు లూర్‌ను రాడ్డు కొస నుంచి 40 నుంచి 50 సెంటీమీటర్లు కిందికి దించండి. ఝాడించి కొట్టకుండా రాడ్డు బరువెక్కేలా ఊపండి.

లూర్ నీటిని తాకడానికి మీటరు ముందు బెయిట్‌కాస్టర్ స్పూలును బొటనవేలితో, స్పిన్నింగ్ స్పూలు అంచును చూపుడువేలితో మెల్లగా తాకండి. లూర్ వేగం తగ్గి, తోక ముందుకు తిరిగి, లైను హుక్కుల వెనక్కి నిటారుగా పడుతుంది. మెత్తగా దిగుతుంది కూడా, లోతు తక్కువ నీటిలో చేప బెదరదు. ఈ ఒక్క వేలి పనితో హుక్కుల చిక్కు చాలావరకు తగ్గుతుంది.

తర్వాత చుట్టడం. ప్రతి కొట్టుడుకూ మధ్య అరతిప్పు, ముప్పావు తిప్పు చొప్పున వదులును మింగుతూ పోవాలి. స్పిన్నింగ్ రీలైతే రెండు మూడు విసుర్లకు ఒకసారి, లూర్ ఒడ్డుకు దగ్గరయ్యాక, చివరి పది మీటర్లు లైనును బొటనవేలు, చూపుడువేలి మధ్య నొక్కి పట్టి చుట్టండి. స్పూలు మీద ఉబ్బి లేచిన చుట్టు కనబడితే ఆ విసురు విసరవద్దు. బెయిల్ తెరిచి, ఆ చుట్టు వచ్చేదాకా చేత్తో లైను లాగి, మళ్లీ బిగువుగా చుట్టుకోండి. అరనిమిషం పని. దాన్ని బద్ధకించి విసిరితే ఇరవై మీటర్ల లైను కోసి పారేయాల్సి వస్తుంది. ఇంకోటి, వదులు లైను రాడ్డు కొస రింగుకు ఒక చుట్టు వేసుకుని కూర్చుంటుంది. అల్లిక లైనుకు ఇది మరీ ఎక్కువ. విసిరే ముందు కొసను ఒకసారి చూడటం అలవాటు చేసుకోండి. అది చూడకుండా బలంగా విసిరితే కొస విరుగుతుంది.

ఎక్కిన పురిని విప్పడం

లూర్, స్వివెల్, స్నాప్ అన్నీ కోసేయండి. లైను చివర ఏమీ ఉండకూడదు. పడవ ఉంటే నెమ్మదిగా పోతూ 50 మీటర్లు వెనక్కి వదిలి, నాలుగైదు నిమిషాలు ఈడ్చండి. ప్రవాహంలో నిలబడితే నీరే ఆ పని చేస్తుంది. చివర స్వేచ్ఛగా ఉన్న లైను తన పురి తానే విప్పుకుంటుంది. తర్వాత వేళ్ల మధ్య బిగువుగా చుట్టుకోండి. నీరు అందుబాటులో లేకపోతే గడ్డి మైదానంలో పరచి, అదే బిగువుతో చుట్టినా కొంత నయమవుతుంది.

ఆ తర్వాత కూడా మోనో స్ప్రింగులా లేస్తుంటే అది పురి కాదు, స్పూలు ఆకారం గుర్తుపెట్టుకున్న పాత లైను. మార్చేయండి. అల్లికలో పురి కంటికి కనబడదు. స్ప్రింగులా లేవదు, విసిరినప్పుడు ముడిగా బయటపడుతుంది. అందుకే అల్లికకు ఆ వేలాడదీసే పరీక్షే నమ్మకం.

దెబ్బ పడినా తగలకపోతే

ముందు ఏ రకం తప్పో గుర్తించండి. చేప కింద సుడి తిప్పి లూర్‌ను తాకకుండా పోయిందంటే దానికి లూర్ నచ్చలేదు. సైజు తగ్గించండి, ఆగే సమయం పెంచండి. నీళ్లు ఎగిరి, లూర్ గాలిలోకి లేచిందంటే చాలాసార్లు మీరు తొందరపడి లాగారు. బరువు తెలిసి, రెండు క్షణాలు పోరాడి, ఊడిపోయిందంటే హుక్కు మొద్దుబారింది, లేదా రాడ్డు బిరుసు ఎక్కువైంది. మూడింటికీ ఒకే మందు వేస్తే ఏదీ కుదరదు.

పట్టిన చేపలూ చాలా చెబుతాయి. వరసగా అన్నీ వెనక హుక్కుకే, అదీ పెదవి అంచున తగులుతుంటే అవి వెనక నుంచి వెంటాడి అందీ అందనట్టు కొడుతున్నాయి. ఇంకా ఎక్కువసేపు ఆపండి, వెనక హుక్కుకు ఈకలు కట్టినది పెట్టండి. లూర్ ఆగినా ఈకలు కదులుతుంటాయి, చేప వాటిని గురిచూస్తుంది. ముందు హుక్కు దవడ బయట గుచ్చుకుంటుంటే అవి తినడానికి కాదు, తరమడానికి కొడుతున్నాయి. అప్పుడు చిన్న లూర్‌కు మారండి.

తొందరపాటు అన్నిటికంటే పెద్ద దోషం. కన్ను నీటి చిమ్మును చూస్తుంది, చెయ్యి లాగేస్తుంది. ఆ క్షణంలో లూర్ ఇంకా నోటి బయటే ఉండొచ్చు. కన్ను చూసినదానికి కాదు, చేతికి బరువు తెలిసినదానికి లాగాలి. ట్రెబుల్ హుక్కుల లూర్‌తో దెబ్బ పడ్డాక కూడా అదే తాళంలో ఇంకో కొట్టుడు కొట్టండి. చేప పట్టి ఉంటే ఆ కొట్టుడులోనే బరువు తెలుస్తుంది. అప్పుడు హ్యాండిల్ గబగబా తిప్పి వదులు మింగి, రాడ్డును పక్కకు ఊడ్చినట్టు లాగండి. పైకి ఎత్తి లాగితే తగలని లూర్ మూడేసి హుక్కులతో మీ ముఖం మీదికి దూసుకొస్తుంది. కళ్లద్దాలు లేకుండా టాప్‌వాటర్ ఆడవద్దు.

బజ్‌బెయిట్‌తోనూ, తోక తిరిగేదానితోనూ ఇంకా సులువు. చుట్టడం ఆపకండి. చేప లూర్‌ను తీసుకుని తిరగగానే రాడ్డు దానంతట అదే వంగుతుంది. అప్పుడు బిగించండి. బజ్‌బెయిట్‌ను అదే పనిగా తప్పుతుంటే అసలు హుక్కుకు ఇంకో హుక్కు తగిలించండి. దాని కంటి మీద చిన్న రబ్బరు గొట్టం ముక్క తొడిగి ఎక్కిస్తే అటూ ఇటూ ఊగకుండా, మొన పైకి చూస్తూ నిలుస్తుంది. నాచు లేని నీటిలోనే ఇది పనికొస్తుంది.

తప్పిన చేపకు రెండో అవకాశం ఇవ్వడం మరవద్దు. లూర్ గాలిలోకి ఎగరకపోతే దాన్ని అక్కడే ఉంచండి. అలల వలయాలు సద్దుమణిగేదాకా, అయిదు నుంచి పది సెకన్లు, ఆగి, ఒక్కసారి సన్నగా వణికించండి. లూర్ చాలా దూరం జరిగిపోతే ఇంకో రాడ్డుకు బరువు లేని మెత్తని స్టిక్ బెయిట్ (పుల్లలాంటి రబ్బరు ఎర) కట్టి సిద్ధంగా పెట్టుకోండి. వలయం మాయమయ్యేలోపు దాని మధ్యలో పడేయండి. అది మెల్లగా దిగుతుండగా లైను పక్కకు జరిగితే చేప పట్టినట్టే.

కప్ప లూర్ వేరే లెక్క

నాచు మీద కప్పను నడిపేటప్పుడు చేప దాన్ని సరిగా చూడదు, పైన కదలికను బట్టి కిందనుంచి పొడుచుకొస్తుంది. నాచు ఉబ్బి కప్పను పక్కకు నెట్టేస్తుంది. అందుకే ఇక్కడ తప్పడాలు సహజంగానే ఎక్కువ. తగ్గించుకోవడానికి నాచులో కన్నాలున్న చోట కప్పను ఆపండి. చేప గురి అక్కడే కుదురుతుంది.

దెబ్బ పడగానే రాడ్డు కొసను నీటి వైపు దించండి. వదులు చుట్టుకోండి. ఈ రెండు పనులకు ఒకటి నుంచి రెండు సెకన్లు పడుతుంది, కప్పకు కావాల్సిన ఆలస్యం అంతే. బరువు తెలిశాక కాళ్లు నిలదొక్కుకుని ఒళ్లంతా పెట్టి పైకి లాగండి. ఇక్కడ మాత్రం పైకే లాగాలి, ఎందుకంటే చేప తలను వెంటనే నాచు పైకి తేవాలి. 7 అడుగుల పైన, బలమైన, కొస మాత్రమే వంగే రాడ్డు కావాలి. డ్రాగ్ పూర్తిగా బిగించాలి.

కప్పను వాడే ముందు దాని ఒంటిని బొటనవేలితో నొక్కండి. రెండు హుక్కు మొనలు పూర్తిగా బయటికి రావాలి. రాకపోతే కాసేపు వేడి నీళ్లలో నానబెట్టి మెత్తబరచండి. తర్వాత కటింగ్ ప్లేయరుతో ఒక్కో హుక్కును వెంట్రుక వాసి బయటికి, పైకి వంచండి. చేతికి ఆ మొన తగిలీ తగలనట్టు ఉండాలి. ఎక్కువ వంచితే ప్రతి విసురుకూ నాచు పట్టుకొస్తుంది. కప్ప లోపలికి నీరు చేరితే ఒళ్లు నొక్కినా అణగదు, మొనలు బయటపడవు. కొన్ని విసుర్లకు ఒకసారి తోక కిందికి పట్టి నీళ్లు పిండేయండి.

హుక్కులు, రాడ్డు, డ్రాగ్

హుక్కు మొనను బొటనవేలి గోటి మీద ఏటవాలుగా, బరువు పెట్టకుండా జరపండి. గోటిలో దిగి ఆగితే పదును ఉంది. జారిపోతే లేదు. ముల్లుకు, రాయికి ఒక్కసారి తగిలినా ఇది మారిపోతుంది కాబట్టి రోజుకు ఒకసారి చూస్తే చాలదు. కొత్త తరం పదును హుక్కులను ఆకురాయితో రుద్దడంకంటే మార్చడమే మేలు. మార్చేటప్పుడు బరువు చూసుకోండి. పాత హుక్కులతో లూర్‌ను బకెట్ నీళ్లలో వేసి నీటి గీత ఎక్కడ పడుతుందో గుర్తుపెట్టుకుని, కొత్తవి పెట్టాక మళ్లీ వేసి చూడండి. తోక మరీ దిగిపోతే వాకింగ్ బెయిట్ నడక మందగిస్తుంది. ముందు హుక్కూ వెనక హుక్కూ ఒకదాన్నొకటి అందుకోకూడదు, అందుకుంటే పొట్టి కాడ ఉన్నవి పెట్టండి.

ట్రెబుల్ హుక్కులకు మధ్యదాకా వంగే రాడ్డు కావాలి. 6.5 నుంచి 7 అడుగులు, మీడియం బలం. కప్ప రాడ్డుతో, అల్లిక లైనుతో పాపర్ ఆడితే చిన్న హుక్కులు చేప పెదవిని చీల్చుకుని వచ్చేస్తాయి, లేదా చేప ఎగిరినప్పుడు ఊడిపోతాయి. రాడ్డు మెత్తనైతే లైను బిరుసుగా ఉండొచ్చు, లైను సాగేదైతే రాడ్డు కొంచెం గట్టిగా ఉండొచ్చు. రెండూ బిరుసువి కలిపితే చేపలు ఊడతాయి, రెండూ మెత్తనివి కలిపితే అసలు గుచ్చుకోవు. ట్రెబుల్ లూర్‌లకు డ్రాగ్‌ను లైను బలంలో పావు నుంచి మూడో వంతు దాకా పెట్టండి. 12 పౌండ్ల లైనుకు 3 నుంచి 4 పౌండ్లు. చిన్న స్ప్రింగ్ త్రాసు హుక్కుకు తగిలించి లాగితే తెలిసిపోతుంది. చేత్తో లాగి అంచనా వేస్తే చాలామంది రెట్టింపు బిగిస్తారు.

పక్క గాలిలో లైను విల్లులా వంగి, చుట్టాల్సిన వదులు మీ లెక్కకు మించి పెరుగుతుంది. గాలి వీపు మీదికో ముఖం మీదికో వచ్చేలా నిలబడండి. అది కుదరకపోతే విసరగానే రాడ్డు కొసను నీటికి ఆనించి, లైనును నీటి మీద పరచండి. తడిసిన లైనును గాలి అంతగా ఎత్తలేదు.